ఎక్కి వచ్చే నీరు, దిగిపోయే మురుగు

బెంగళూరు మారతహళ్లిలో ఏ మలుపులో నిలబడినా తెలుగు వినిపిస్తుంది. వేసవిలో మా అపార్ట్‌మెంటులో ఆ మాటల్లో సగం నీళ్ల ట్యాంకరు గురించే. వాడేసిన నీరు ఎటు పోతుందని మాత్రం ఎవరూ అడగరు. ఏలినవారూ ఆ ప్రశ్నను ఆలస్యంగానే అడిగారు.

బెంగళూరుకు చెప్పుకోదగ్గ నది లేదు. దాదాపు 900 మీటర్ల ఎత్తున గట్టు మీద వెలసిన ఊరు. వాన నీటిని చెరువు నుంచి చెరువుకు దించుకుంటూ బతికింది. 1896లో హెసరఘట్ట నుంచి, 1933లో తిప్పగొండనహళ్లి నుంచి గొట్టాల్లో నీరు వచ్చాక ఆ చెరువుల అవసరం తగ్గిపోయింది. ధర్మాంబుధి చెరువులో మెజెస్టిక్ బస్టాండు, సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం లేచాయి.

ఒక్కసారి మాత్రం మురుగు గురించి ముందే ఆలోచించారు. 1898 నాటి ప్లేగు భయంతో బసవనగుడి, మల్లేశ్వరం పేటలు వెడల్పు వీధులతో, మలమూత్రాలు ఎత్తిపోసే పనికని ఇళ్ల వెనుక విడిచిన పాకీ సందులతో పెరిగాయి. ఆ శ్రద్ధకు ప్లేగే కావలసి వచ్చింది!

1974లో కావేరి వచ్చింది: వంద కిలోమీటర్ల దూరం, అర కిలోమీటరు ఎత్తు, అంతా పంపుల మీదే. 1981లో సుమారు 29 లక్షలున్న జనం 2011 నాటికి 85 లక్షలకు చేరారు. ఇంటికి వచ్చిన నీటిలో 80 శాతం మురుగై బయటికి పోతుందని ఇంజనీర్ల లెక్క. అంటే కావేరి పథకం ప్రతి దశా ఒక మురుగు పథకం కూడా. కానీ శుద్ధి కేంద్రాలు వెనకబడ్డాయి. మురుగు రాజకాలువలు, అంటే వాన నీటిని చెరువులకు చేర్చే పెద్ద కాలువలు పట్టుకుని బెళ్లందూరు, వర్తూరు చెరువుల్లోకి దిగింది. బట్టల సబ్బుల రసాయనాలు నురగై రోడ్డెక్కాయి. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువు తగలబడింది. నీళ్లకు నిప్పంటుకోవడం ఈ ఊళ్లో సామెత కాదు.

2007లో 110 గ్రామాలను నగరంలో కలిపారు; వాటి కోసం తలపెట్టిన కావేరి అయిదో దశ మొదలైంది 2024 అక్టోబరులో. ఈలోగా బోరు, ట్యాంకరు, డ్రమ్ము. మూత లేని డ్రమ్ములోని మంచినీరే డెంగీ దోమకు పురిటిల్లు. 2024లోనే కర్ణాటక డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది.

2018 నుంచి నగరంలోని కోరమంగళ–చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి, కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు, భూగర్భ జలం పెరగాలని. తొలి రోజుల్లో అక్కడి లక్ష్మీసాగర చెరువులోనూ నురగ కనిపించింది. మా కాపలాదారుది ఆ వైపు తెలుగు పల్లె. "మీరు స్నానం చేసిన నీళ్లే సార్ మా చెరువులో," అంటాడు నవ్వుతూ. ఎండిన బోర్లలో నీరు పైకి వచ్చిందనీ అతడే చెబుతాడు. శుద్ధి రెండో అంచెతో ఆపకుండా, మిగిలిపోయిన మలినాలను తీసే మూడోదీ చేయాలని అక్కడి రైతులు ఇంకా అడుగుతూనే ఉన్నారు.