సగంలో ఆగిన నవల, పక్కన ఒక కోచ్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో ఉంటూ, నవల మొదలుపెట్టి ముగించలేకపోతున్న వాళ్లతో పనిచేస్తాను. బుక్ కోచ్‌ని అని చెప్తే "ఏ ఎగ్జామ్‌కి కోచింగ్ మేడం?" అని అడిగినవాళ్లున్నారు. మా ఊళ్లో కోచింగ్ సెంటర్లు ఉన్న తీరు చూస్తే ఆ ప్రశ్నలో తప్పేం లేదు. పేరు కొత్తదే గాని పని పాతది. సీరియల్ నడిచే రోజుల్లో వారపత్రిక ఎడిటరే ఈ పని చేసేవాడు: శుక్రవారంలోగా తర్వాతి భాగం రాకపోతే ఊరుకునేవాడు కాదు. చాలా వారపత్రికలు మూతపడ్డాక, రచయితను అలా వెంటపడి రాయించే మనిషి లేకుండా పోయాడు.

అపోహ: కోచ్ మన నవల రాసిపెడతారు.

రాసిపెట్టేవాళ్లు వేరు, వాళ్లను ఘోస్ట్ రైటర్లు అంటారు. ఒత్తులు, దీర్ఘాలు సరిచూసేది ప్రూఫ్ రీడర్. నేను గడువు పెట్టి పేజీలు తెప్పించుకుంటాను, చదువుతాను, కథ ఎక్కడ నడక తప్పిందో చూపిస్తాను, ప్రశ్నలు అడుగుతాను. "ఈ ఒక్క చాప్టర్ జర మీరే రాసియ్యున్రి" అని అడిగేవాళ్లుంటారు. రాసివ్వను. ఇస్తే అది కొత్త చీరకు పాత గుడ్డ అతుకేసినట్టు ఉంటుంది.

అపోహ: టైమ్ లేకే నవల ఆగిపోయింది.

నా దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఇదే, ఎక్కువసార్లు తప్పయ్యేదీ ఇదే. సెలవు పెట్టి కూర్చున్నా రాయలేకపోతున్నారంటే సమస్య కథలో ఉన్నట్టు.

వివరాలు కొంచెం మార్చి ఒకటి చెప్తాను. ఒక రిటైర్డ్ ఉద్యోగి వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లు నేపథ్యంలో నవల మొదలుపెట్టారు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. సార్ దగ్గర మెటీరియల్‌కు కొదవ లేదు: షిఫ్టులు, సైరన్, యూనియన్ గొడవలు, క్వార్టర్ల బతుకు. 14వ అధ్యాయం దగ్గర ఆగిపోయారు. ఇంకా రీసెర్చ్ కావాలని, పాత కార్మికులను కలవాలని అంటూ నెలలు గడిపారు. నేను అడిగింది ఒక్కటే: "మిల్లు మూతపడ్డ తెల్లారి మీ రాజయ్య నిద్రలేచి ఎటు పోయిండు సార్?" ఫోన్‌లో చాలాసేపు మాట లేదు. మిల్లు గురించి అన్నీ తెలిసిన మనిషికి తన కథానాయకుడికి ఏం కావాలో తెలియదు. రాజయ్య బిడ్డ పెళ్లికి మాటిచ్చి ఉన్నాడని, మిల్లు మూతపడ్డ సంగతి ఇంట్లో దాచి రోజూ టిఫిన్ డబ్బా పట్టుకొని మిల్లుకు పోతున్నట్టే బయల్దేరుతున్నాడని సారే కనిపెట్టారు. తర్వాతి అధ్యాయాలు అక్కడినుంచి పుట్టుకొచ్చాయి. ఇంటర్వ్యూల్లో సగం వాడనే లేదు.

ఇలా ఆగినవాళ్లతో నేను చేయించే పని చాలా మామూలుది. ఒక్కో అధ్యాయానికి ఒక కార్డు. మొదటి లైనులో ఏం జరిగిందో రాయాలి, రెండో లైనులో దానివల్ల ఏం మారిందో. రెండో లైను ఖాళీగా ఉన్న కార్డులే నవలను ఆపుతున్న అధ్యాయాలు. సాధారణంగా అవి రచయితకు బాగా ఇష్టమైనవే అయ్యుంటాయి, బతుకమ్మ వర్ణన, మేడారం జాతర వర్ణన లాంటివి. వర్ణన తీసెయ్యమని అనను. జాతరలో ఎవరో తప్పిపోవాలి, లేదా ఎవరో కనబడాలి. జంపన్నవాగు దగ్గర ఏదో ఒకటి జరగాలి.

అపోహ: మొదటి అధ్యాయం పక్కాగా కుదిరాకే ముందుకు పోవాలి.

ముగింపు తెలియకుండా మొదలు పక్కాగా ఎలా కుదురుతుంది? చివరిదాకా రాసి, వెనక్కి రండి. (ఆవిష్కరణ సభకు హాల్ మాట్లాడుకొని, ముందుమాట కూడా రాయించుకొని, చివరి మూడు అధ్యాయాలు మిగిలిపోయిన వాళ్లను చూశాను. అదో రకం టెన్షన్.)

అపోహ: తెలంగాణ భాషలో రాస్తే కోచ్ దాన్ని మామూలు తెలుగులోకి మార్చేస్తారు.

ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, దాని వెనుక చాలా ఏళ్ల అవమానం ఉంది. మార్చను. కాని ఒకటి పట్టుకుంటాను. జమ్మికుంట ముసలవ్వ రెండో అధ్యాయంలో "వాడు అచ్చిండా?" అని అడిగి, పదో అధ్యాయంలో "వాడు వచ్చాడా?" అంటే ఆమె మధ్యలో ఎక్కడ మారిందో రచయిత చెప్పాలి. ఎక్కువసార్లు మారింది ముసలవ్వ కాదు, రచయితే అలిసిపోయారు. పాత్రల మాట ఒకరకంగా, కథ చెప్పే గొంతు ఇంకోరకంగా ఉండొచ్చు, అది రచయిత ఇష్టం. ఏదైనా తెలిసి చేయాలి.

అపోహ: నవలంటే 80 వేల పదాలు ఉండాల్సిందే.

అది ఇంగ్లీషు పబ్లిషర్ల లెక్క. "ఇంట్లోంచి వెళ్లిపోయాడు" తెలుగులో రెండు మాటలు, ఇంగ్లీషులో ఐదారవుతాయి. డెమీ సైజు (మామూలుగా నవలలు వేసే సైజు) పేజీకి సుమారు 200 తెలుగు పదాలు వేసుకుంటే 40 వేల పదాలకే 200 పేజీల పుస్తకం వస్తుంది. యూట్యూబ్ వీడియో చూసి మీ కథను సాగదీయకండి.

అపోహ: కోచ్ ఉంటే అచ్చు, బహుమతి గ్యారంటీ.

గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గరికి పోవద్దు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబర్) ఇప్పిస్తామని ప్యాకేజీలో విడిగా డబ్బు అడిగితే ఎందుకని అడగండి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది.

కథ కొట్టేస్తారన్న భయం గురించి కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు బతికున్నన్నాళ్లు, తర్వాత 60 ఏళ్లు మీ వారసులకు ఉంటుంది. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద సంతకం కావాలి, నోటిమాట చాలదు. అయితే ఆ రక్షణ రాసిన దానికే. మనసులో ఉన్న ఐడియాకు లేదు.

కోచ్‌ను పెట్టుకునే ముందు ఒక అధ్యాయం ఇచ్చి చదివించండి. "చాలా బాగుంది" అని మాత్రమే చెప్తే థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. పని నచ్చితే ఫీజు వాయిదాల్లో మాట్లాడుకోండి, ఎన్ని పేజీలకు ఎన్ని రోజుల్లో జవాబిస్తారో రాయించుకోండి. మీకు వారం వారం చదివి మొహం మీద చెప్పే దోస్తు ఉంటే మాత్రం నాలాంటివాళ్లు అక్కర్లేదు, ఆ డబ్బు డీటీపీకి, అచ్చుకు పనికొస్తుంది.