షెష్, షెషి: హీబ్రూ, లిథువేనియన్ భాషల మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

భాషల చరిత్ర పాఠం చెప్పడం నా పని. ఏటా ఎవరో ఒక విద్యార్థి "సార్, దొరికింది" అంటూ ఒక పదాల జత పట్టుకొస్తాడు. ఈసారి వచ్చింది ఇది: హీబ్రూలో ఆరుని షెష్ అంటారు, లిథువేనియన్‌లో షెషి. రెండూ పాత భాషలే కాబట్టి చుట్టాలే అయ్యుంటాయని అతని లెక్క.

అపోహ: మాట కలిస్తే చుట్టరికం ఉన్నట్టే.

ఒక్క ఆరు దగ్గరే ఆగితే ఎలా, ముందు రెండు నుంచి ఐదు దాకా లెక్కపెట్టమన్నాను. హీబ్రూలో ష్తాయిమ్, షలోష్, అర్బా, ఖమేష్. లిథువేనియన్‌లో దు, త్రీస్, కెతురి, పెన్కి. రెండో వరుస మనకి ఎక్కడో విన్నట్టే ఉంటుంది: ద్వి, త్రి, చతుర్, పంచ. మొదటి వరుస అరబ్బీ తెలిసినవాళ్లకి తెలిసినట్టుంటుంది. హీబ్రూది సెమిటిక్ కుటుంబం. అరబ్బీ, అరమాయిక్ దాని తోబుట్టువులు. లిథువేనియన్‌ది ఇండో-యూరోపియన్ కుటుంబంలోని బాల్టిక్ శాఖ. ఆ శాఖలో దానితో పాటు ఇవాళ బతికున్నది లాట్వియన్ ఒక్కటే.

మరి ఆ ఆరు సంగతి? నిజమైన చుట్టాలైతే వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరవ్వాలి. ఇక్కడ దూరమవుతున్నాయి. హీబ్రూ పక్కన అరబ్బీ పెడితే సిత్తా వస్తుంది, లిథువేనియన్ పక్కన లాటిన్ పెడితే సెక్స్ వస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఎక్కడ కలిశాయి?

అపోహ: లిథువేనియన్ సంస్కృతం నుంచి పుట్టింది.

మనవాళ్లకి బాగా నచ్చే అపోహ ఇది. వాట్సాప్‌లో నెలకోసారైనా వస్తుంది. పోలికలు మాత్రం నిజమే. కొడుకుని సూనుస్ అంటారు, సంస్కృతంలో సూనుః. గొర్రె అవిస్, అవిః. నిప్పు ఉగ్నిస్, అగ్నిః. దేవుడు దియెవస్, దేవః. కానీ ఇది తల్లీకూతుళ్ల పోలిక కాదు. ఒకే ముత్తవ్వ సంతానంలో రెండు వేర్వేరు శాఖల పోలిక. లిథువేనియన్‌లో మొదటి అచ్చు పుస్తకం 1547లో వచ్చింది, మార్తినాస్ మజ్విదాస్ రాసిన క్రైస్తవ ప్రశ్నోత్తరి. రాతలో అంత ఆలస్యంగా కనిపించిన భాషని 'అతి ప్రాచీనం' అనేది పుట్టిన తేదీ చూసి కాదు. పాత విభక్తి ప్రత్యయాల్ని అంత బాగా అట్టిపెట్టుకున్నందుకు.

ఇక్కడ మన ఇంటి సంగతి ఒకటి. తెలుగులోనూ అగ్ని ఉంది కదా, మనమూ ఆ కుటుంబమేనా? కాదు. మన సొంత మాట నిప్పు, అగ్ని తెచ్చుకున్నది. ఉగ్నిస్ వాళ్లకి వారసత్వంగా వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816లోనే మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించాడు, అదీ క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో. అప్పుకీ వారసత్వానికీ తేడా తెలియాలంటే తెలుగువాడికంటే మంచి విద్యార్థి దొరకడు.

అపోహ: రెండు వేల ఏళ్లు చచ్చిపోయిన హీబ్రూని ఒక్క మనిషి లేపాడు.

ఎలియెజెర్ బెన్-యెహూదా గొప్పతనం తక్కువేం కాదు. 1881లో పాలస్తీనా చేరాడు, ఇంట్లో కొడుకుతో హీబ్రూ తప్ప మాట్లాడలేదు, కొత్త మాటలు కట్టాడు. నిఘంటువుకి 'మిలోన్' అన్న మాట ఆయనదే. కానీ ఆయన చేతికి వచ్చింది శవం కాదు. హీబ్రూ ఇంట్లో మాట్లాడే భాషగా పోయిందే గాని, ప్రార్థనలో, ఉత్తరాల్లో, పుస్తకాల్లో ఆగలేదు. ఆధునిక హీబ్రూలో మొదటి నవల 1853లో వచ్చింది. అప్పటికి బెన్-యెహూదా ఇంకా పుట్టనేలేదు. రాసింది అబ్రహాం మాపు, ఊరు లిథువేనియాలోని కౌనస్ శివారు. బెన్-యెహూదా పుట్టిందీ అప్పటి విల్నా ప్రాంతంలోనే. ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు బెలారూస్‌లో ఉంది.

ఈ రెండు భాషల అసలు బంధం నేలది, నెత్తురుది కాదు. ఆ విల్నానే ఇవాళ లిథువేనియా రాజధాని విల్నియస్. యూదులు దాన్ని 'లిథువేనియా జెరూసలేం' అనేవారు. 1897 జనాభా లెక్కల్లో ఆ నగరంలో లిథువేనియన్ మాతృభాష అన్నవాళ్లు నూటికి ఇద్దరే! అక్కడి యూదుల ఇంటి భాష యిడ్డిష్ అన్నవాళ్లు నలభై మంది.

యిడ్డిష్ అంటే హీబ్రూ కాదా అని వెంటనే అడుగుతారు. కాదు. హీబ్రూ లిపిలో రాస్తారు, హీబ్రూ మాటలు చాలా ఉంటాయి, కానీ అది జర్మన్ వైపు భాష. 1941 నుంచి నాజీలు, వాళ్ల స్థానిక సహాయకులు లిథువేనియా యూదుల్లో నూటికి తొంభై మందికి పైగా చంపేశారు. ఆ వీధుల్లో వినిపించిన యిడ్డిష్ వాళ్లతోనే పోయింది.

అపోహ: హీబ్రూలో అచ్చులు రాయరు కాబట్టి చదవడం ఊహాగానమే.

గుణింతాల్లాంటి చుక్కలు, గీతలు ఉన్నాయి. పిల్లల పుస్తకాల్లో, కవిత్వంలో పెడతారు. పేపర్లో పెట్టరు. స-ఫ-ర అన్న మూడక్షరాలే పుస్తకం కావచ్చు, మంగలి కావచ్చు, 'లెక్కపెట్టాడు' కావచ్చు. వాక్యం చూస్తే తెలిసిపోతుంది. మొదటి నెల టెన్షన్, తర్వాత అలవాటు.

హీబ్రూ మాట మధ్యలో మారుతుంది: కతవ్ (రాశాడు), కోతేవ్ (రాస్తాడు), మిఖ్తావ్ (ఉత్తరం). లిథువేనియన్ మాట చివర మారుతుంది, మన విభక్తుల్లాగే. హీబ్రూ పేరు యోహానాన్ అక్కడికి వెళ్లి యోనస్ అయ్యింది. 'యోనస్ యొక్క' అనాలంటే యోనో, పిలవాలంటే యోనై. మన దగ్గరికొచ్చి అదే పేరు యోహాను అయ్యింది, పిలిస్తే యోహానూ. ఎవరి తోక వాళ్లు తగిలించుకున్నారు.

ఆ విద్యార్థి ఊరుకోలేదు. వారం తిరక్కుండా ఏడు పట్టుకొచ్చాడు: హీబ్రూలో షెవా, లిథువేనియన్‌లో సెప్తీని. ఈసారి వెనక్కి వెళ్తే దూరం పెరగలేదు. అరబ్బీలో సబ్‌ఆ, సంస్కృతంలో సప్త. మరీ పాత కాలంలో ఒక కుటుంబం రెండోదాని దగ్గర ఈ అంకె అప్పు తెచ్చుకుందా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్న విషయమే. కూర్చోమన్నాను. ఆ గంటంతా ఏడు మీదే గడిచింది.