గిఫ్టంటే పెళ్లా, విషమా?

స్టాక్‌హోంలో చదువుకుంటున్న మా మేనల్లుడు ఒక దరఖాస్తు ఫొటో పంపాడు. పెళ్లయిందా లేదా అని అడిగే చోట రెండు గళ్లున్నాయి. ‘ఓగిఫ్ట్’ అంటే కానివారు, ‘గిఫ్ట్’ అంటే అయినవారు. వెంటనే ఇంకో ఫొటో: ఎలుకల మందు డబ్బా. దాని మీదా గిఫ్టే! “మామయ్యా, వీళ్లకు పెళ్లీ విషమూ ఒకటేనా?”

ఈ హాస్యం స్వీడన్‌లోనూ అరిగిపోయిందే. అసలు కథ అంతకన్నా బాగుంటుంది.

మూలం ‘ఇవ్వడం’ అనే ధాతువు. పెళ్లి అర్థం మనకు విడమర్చి చెప్పనక్కర్లేదు. పిల్లనిచ్చామంటాం, కన్యాదానమంటాం. పక్కనున్న డేనిష్, నార్వేజియన్ భాషల్లో కట్నం ‘మేద్‌గిఫ్ట్’, అంటే వెంట ఇచ్చి పంపినది.

మరి విషం? గ్రీకు వైద్యులు మందు మోతాదును ‘దోసిస్’ అన్నారు. ‘ఇచ్చినది’ అని అర్థం. మన డోసు అదే. దానిలోని ‘దో’, సంస్కృత దానంలోని ‘దా’ ఒకే వేరు నుంచి వచ్చాయి. లాటిన్ మీదుగా వచ్చిన ఆ మాటకు జర్మన్లు తమ మాట పెట్టుకున్నారు: గిఫ్ట్. వైద్యుడిచ్చినా గిఫ్టే, పగవాడిచ్చినా గిఫ్టే. పోనుపోను పగవాడిదే మిగిలింది. ఆ అర్థం జర్మన్ ప్రభావంతో ఉత్తరాన ఉన్న స్వీడన్ వైపుకు పాకింది.

వింతగా ఉందా? మన ‘మందు’ను చూడండి. జ్వరానికీ మందే, చేలో పురుగుకూ మందే, తుపాకిలోనూ మందే, సీసాలోనూ మందే. “ఆయన మందు తాగాడు” అంటే మాత్ర కలిపిన నీళ్లా, సారాయా, ఆస్పత్రికి పరుగెత్తాల్సిన సంగతా అన్నది చెప్పేవాడి ముఖం చూసి పోల్చుకోవాలి. ఇక ‘మందు పెట్టారు’ అన్న మాట ఉంది. కోడలు చెప్పినట్టల్లా కొడుకు వింటే, అన్నంలో ఏదో కలిపిందని ఊరు తేల్చేస్తుంది. అలా మనసు మార్చే మందు ఏ దుకాణంలోనూ లేదు, కానీ నిందపడ్డ ఆడవాళ్లు మాత్రం ఊరూరా ఉన్నారు.

గిఫ్ట్ రాకముందు విషానికి నార్స్ వాళ్ల (అంటే స్వీడన్, నార్వే, డెన్మార్క్‌ల పూర్వీకుల) పాత మాట ‘ఎయిత్ర్’. డేనిష్‌లో సాలీడును ‘ఎడర్‌కోప్’ అంటారు. ముందు సగం ఆ పాత విషమే.

ఉచ్చారణ ఇంకా తమాషా. పాత ఇంగ్లీషులో ఈ మాట ‘యిఫ్ట్’. వధువు కోసం చెల్లించే సొమ్ము అని అర్థం. ఆ నార్స్ వాళ్లలోని సముద్రయోధులైన వైకింగుల నోటి నుంచి ‘గ’కారం పట్టుకుని ఇంగ్లీషు వాళ్లు ‘గిఫ్ట్’ అన్నారు. ఇప్పుడేమో స్వీడన్, నార్వేల్లో ‘ఇ’ ముందున్న ఆ ‘గ’ మెత్తబడిపోయింది. రాసేది గిఫ్ట్, పలికేది ‘యిఫ్ట్’.