ఇంట్లోకి హార్డ్ డిస్క్ కొంటున్నారా? కొన్ని అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో అడిగినా విజయనగరంలో అడిగినా షాపు కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కంపెనీది మంచిదండీ?" అడగాల్సింది కంపెనీ పేరు కాదు, మోడల్ నంబర్.

అపోహ: ఫలానా కంపెనీ డిస్క్ పోదు, ఫలానాది ఇట్టే పోతుంది.

ఇప్పుడు హార్డ్ డిస్కులు తయారుచేసేది ముగ్గురే: సీగేట్, వెస్ట్రన్ డిజిటల్ (డబ్ల్యూడీ), తోషిబా. శామ్‌సంగ్ హార్డ్ డిస్క్ వ్యాపారం 2011లో సీగేట్‌కి పోయింది, హిటాచీది 2012లో డబ్ల్యూడీలో కలిసింది. మచ్చ లేని కంపెనీ లేదు. ఒకప్పటి ఐబీఎం 75జీఎక్స్‌పీ, ఆ తర్వాత సీగేట్ 3 టీబీ ఎస్‌టీ3000డీఎం001 తెగ పోయి పేరు చెడగొట్టుకున్నాయి. డబ్ల్యూడీ 2 నుంచి 6 టీబీ రెడ్ డిస్కుల్లో రాసేటప్పుడు నెమ్మదించే ఎస్ఎంఆర్ పద్ధతి (వివరం కింద ఉంది) వాడి ఆ సంగతి చెప్పలేదు, 2020లో అది బయటపడి గొడవైంది. అవే కంపెనీల మిగతా మోడళ్లు ఏళ్ల తరబడి నిక్షేపంగా తిరుగుతున్నాయి.

అపోహ: 4 టీబీ అంటే ఏదైనా 4 టీబీయే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. డిస్కు మీద డేటా రాసే పద్ధతులు రెండు. సీఎంఆర్ డిస్కులో ట్రాకులు, అంటే డేటా రాసే గుండ్రటి గీతలు, పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో గూనపెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటుంది. కింది పెంకు మార్చాలంటే పైవి లేపాల్సినట్టే, ఒక ట్రాకు తిరగరాయాలంటే పక్కవి కూడా చదివి మళ్లీ రాయాలి. అందుకే పెళ్లి వీడియోలు 400 జీబీ ఒకేసారి కాపీ కొడితే మొదట జోరుగా పోయి, లోపలి క్యాష్ (తాత్కాలికంగా దాచే చోటు) నిండగానే స్పీడ్ పడిపోతుంది. డిస్క్ పాడైందని షాపుకి పట్టుకెళ్తారు. పాడవలేదు, దాని తీరే అంత.

సీగేట్ బర్రాకుడా 4 టీబీ ఎస్‌టీ4000డీఎం004 ఎస్ఎంఆర్. సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ సీఎంఆర్. డబ్ల్యూడీ బ్లూలో 1 టీబీ డబ్ల్యూడీ10ఈజెడ్‌ఈఎక్స్ సీఎంఆర్, అదే బ్లూలో 2 టీబీ డబ్ల్యూడీ20ఈజెడ్‌ఏజెడ్ ఎస్ఎంఆర్. స్టిక్కర్ రంగు ఒకటే కదా అని కొనకూడదనేది అందుకే. డబ్బులిచ్చే ముందే ఆ నంబర్ ఫోన్‌లో కొట్టి కంపెనీ డేటా షీట్ చూడండి. ఫొటోలు ఒకసారి వేసి దాచుకోవడానికైతే ఎస్ఎంఆర్ చాలు, ధర తక్కువ కూడా. రోజూ ఎడిటింగ్ చేసేవాళ్లు, నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) పెట్టుకునేవాళ్లు సీఎంఆర్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు.

అపోహ: డీ డ్రైవ్‌లో పెట్టాం, సేఫే.

సీ, డీ, ఈ అని కనిపించేవి చాలా ఇళ్లలో ఒకే డిస్క్‌కి వేసిన గీతలు. విండోస్ పాడై ఫార్మాట్ కొడితే డీలోవి మిగులుతాయి, నిజమే. డిస్కే పోతే మూడూ కలిసి పోతాయి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద డిస్క్ 0 ఒక్కటే ఉంటే మీ దగ్గర ఉన్నది ఒక్కటే కాపీ. 8 టీబీది ఒకటి కొనే బడ్జెట్ ఉంటే 4 టీబీవి రెండు కొనమంటాం. రెండోది సీపీయూలో బిగించొద్దు. పిడుగు పడి హై వోల్టేజ్ వస్తే, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్ (రాన్సమ్‌వేర్) దూరితే రెండూ కలిసి పోతాయి. నెలకోసారి తగిలించి, కాపీ చేసి, తీసి దాచండి. వంశధార, నాగావళి పక్క ఊళ్లవాళ్లు అక్టోబరు తుపాన్లు రాకముందే దాన్ని వైజాగ్‌లోనో ఇంకెక్కడో బంధువుల ఇంట్లో పెడితే ఇంకా మంచిది.

అపోహ: సీలు తీసిన కొత్త డిస్క్, పరీక్ష ఎందుకు?

కొన్న రోజే చేయాల్సిన పని ఇది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో సాఫ్ట్‌వేర్ వేసి పవర్ ఆన్ అవర్స్ (డిస్క్ ఆన్‌లో ఉన్న గంటలు) చూడండి, సున్నాకి దగ్గర్లో ఉండాలి. సున్నా ఉన్నా పూర్తి భరోసా లేదు: 2025 మొదట్లో యూరప్‌లో వాడేసిన సీగేట్ డిస్కుల లెక్క చెరిపి కొత్తవిగా అమ్మినట్టు బయటపడింది. సీగేట్ అయితే స్మార్ట్‌సీటీఎల్ అనే టూల్‌తో ఫార్మ్ లాగ్ (డిస్క్ లోపల సీగేట్ విడిగా రాసుకునే లెక్క) కూడా చూస్తే అసలు గంటలు తెలుస్తాయి.

తర్వాత క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ కొట్టండి. డిస్క్ మొత్తం రాసి చూస్తుంది. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పట్టొచ్చు. అయ్యాక మళ్లీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో. అందులో రా వ్యాల్యూస్ (అసలు లెక్కలు) మామూలుగా హెక్సాలో, అంటే అంకెలు అక్షరాలు కలిసి ఉంటాయి. ఫంక్షన్, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వ్యాల్యూస్‌లో 10 డెక్ పెడితే మామూలు అంకెలు వస్తాయి. 05, సీ5, సీ6 వరసలు (డిస్కులో పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క) సున్నా ఉండాలి. కొత్త డిస్కులో ఒకటి కనిపించినా వెనక్కిచ్చేయండి. సీ7 (డేటా దారిలో చెడిన లెక్క) పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ (డిస్క్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే డేటా వైరు) మార్చండి, తప్పు ఎక్కువసార్లు కేబుల్‌దే. సీగేట్‌లో 01, 07 దగ్గర కోట్లలో అంకెలు చూసి కంగారు పడొద్దు, వాళ్లు రాసుకునే పద్ధతి అది.

అన్నీ సున్నాలున్నా డిస్క్ పోదని కాదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ డిస్కుల మీద చేసిన పరిశీలనలో, పోయినవాటిలో 36 శాతానికి పైగా ఉష్ణోగ్రత తప్ప మిగతా స్మార్ట్ గుర్తుల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) ఒక్కటీ చూపకుండానే పోయాయి.

అపోహ: కరెంటు పోతే హెడ్ (డేటా చదివి రాసే భాగం) పడి డిస్క్ గీసుకుపోతుంది.

కరెంటు పోయినా తిరుగుతున్న మోటారే జనరేటర్‌లా పనిచేసి హెడ్‌ని పక్కకి చేరుస్తుంది. నష్టం సగం రాసిన ఫైల్‌కి, ఫైల్ సిస్టమ్‌కి. ఇన్వర్టర్ ఉన్నా సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందా? చాలా ఇన్వర్టర్లకి వెనకో ముందో ఎకో, యూపీఎస్ అని స్విచ్ ఉంటుంది. యూపీఎస్ వైపు పెట్టండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు అద్దె జనరేటర్‌కి కంప్యూటర్ నేరుగా తగిలించొద్దు, మధ్యలో యూపీఎస్ ఉండాలి.

చిన్నవి కొన్ని. 4 టీబీ కొంటే 3.63 చూపించడం మోసం కాదు. కంపెనీ లెక్క 4 లక్షల కోట్ల బైట్లు, విండోస్ 1024తో భాగిస్తుంది. దాచుకోవడానికి 5400 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) చాలు, వేడి కూడా తక్కువ. సీసీటీవీకి అమ్మే డబ్ల్యూడీ పర్పుల్ డిస్క్ కంప్యూటర్‌లో శుభ్రంగా పనిచేస్తుంది, వారంటీ కూడా బ్లూకి రెండేళ్లయితే దీనికి మూడేళ్లు. వారంటీలో ఇచ్చేది వేరే డిస్క్, మీ ఫొటోలు కాదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 16 టీబీ పోర్టబుల్ వైపు చూడనే వద్దు: లోపల చిన్న మెమరీ కార్డు ఉంటుంది, నిండాక పాతవాటి మీదే రాస్తుంది. అసలు సైజు పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ సాఫ్ట్‌వేర్ నడిపితే బండారం తెలుస్తుంది.

అపోహ: టిక్‌టిక్ అంటే డిస్క్ పోయినట్టే, ఫ్రిజ్‌లో పెడితే లేస్తుంది.

యూఎస్‌బీ పోర్టబుల్ అయితే ముందు కరెంటు చాలడం లేదేమో చూడండి. సీపీయూ ముందు పోర్టు వదిలి వెనక పోర్టుకి, పొట్టి కేబుల్‌తో పెట్టండి. అయినా టిక్‌టిక్ అంటుంటే తీసేయండి. డిస్క్ తప్పులు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ నడపొద్దు, పదే పదే ఆన్ చేయొద్దు. ఫ్రిజ్ మాట అసలే వద్దు: కళింగపట్నం గాలిలో ఉండే తేమకి, చల్లటి డిస్క్ బయటికి తీయగానే చెమర్చి లోపల నీటి తుంపర చేరుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన డిస్క్‌నైనా గంటసేపు అలా ఉంచి తగిలించండి. సౌండ్ లేకుండా, కనిపిస్తూ, నెమ్మదిగా చదువుతున్న డిస్క్ అయితే డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో ఇంకో డిస్క్‌లోకి పూర్తి కాపీ తీసి, ఆ కాపీ మీదే రికవరీ ప్రయత్నాలు చేయండి. మూత మాత్రం విప్పొద్దు. ఒకసారి విప్పిన డిస్క్ అంటే రికవరీ ల్యాబ్ వాళ్లు చార్జీ పెంచుతారు, కొందరు ముట్టుకోరు కూడా.