తిప్పుతూ నొక్కాలి: వీణ బిరడా వెనక లెక్క

"అమ్మమ్మగారి బొబ్బిలి వీణ. శ్రుతి చేసి కూర్చున్నానో లేదో, సారణి (పాట పలికే మొదటి తీగ) బిగించే బిరడా గిర్రున వెనక్కి తిరిగిపోతోంది. వీణ అలిగిందంటున్నారు ఇంట్లో" అని ఒకావిడ రాశారు. ఊడదీసిన బిరడా ఫొటో కూడా పంపారు.

వీణ అలగదు. తీగ తెగితే అపశకునమని భయపడక్కర్లేదు కూడా. తుప్పు పట్టిన చోటో, మడత పడిన చోటో తెగుతుంది, అంతే. ఈ మాట సంగీతం నేర్పేవాళ్లు మొదటి పాఠంతోనే చెబితే ఎంత బాగుండేది!

గిటారులోలా బిరడాకు పళ్లచక్రాలు లేవు. చెక్క బెజ్జంలో కొస సన్నబడే చెక్క మేకు, అంతే. మరి తీగ లాగుడుకు ఎలా నిలుస్తోంది?

వేలికి ఇరుక్కున్న ఉంగరం గుర్తు తెచ్చుకోండి. నేరుగా లాగితే చర్మం కమిలిపోతుంది గానీ ఉంగరం రాదు. తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. ఘర్షణ ఎప్పుడూ కదలికకే ఎదురు నిలుస్తుంది. ఉంగరం తిరుగుతుంటే ఆ బలమంతా తిరుగుడును ఆపడానికే ఖర్చవుతుంది, జారడాన్ని ఆపడానికి ఏమీ మిగలదు. బిరడాలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే బయటికి కాదు, లోపలికి.

లెక్క చూద్దాం. 30 మి.మీ. పొడవులో 1 మి.మీ. సన్నబడే బిరడా అనుకుందాం, రెండు పక్కలా చెరి అర మి.మీ. కనుక పక్కవాలు 60కి 1. ఘర్షణ గుణకం, అంటే ఒత్తిడిలో పట్టుగా మారే వంతు, 0.3. తిప్పకుండా 1 కిలో బరువుతో నొక్కితే బెజ్జం గోడల మీద పడే ఒత్తిడి 3 కిలోలే. దాని పట్టు 1 కిలో కూడా ఉండదు. తిప్పుతూ నొక్కితే అదే 1 కిలో 60 కిలోల ఒత్తిడి అవుతుంది, పట్టు 18 కిలోలు. మూడు శ్రుతిలో, అంటే 165 హెర్ట్జ్‌లో, 85 సెం.మీ. మీద మోగే 0.4 మి.మీ. ఉక్కు తీగ లాగుడు సుమారు 8 కిలోలు. ఒకటి ఓడిపోతుంది, ఇంకోటి గెలుస్తుంది. చేతి బలం అదే! సుత్తితో కొట్టి బిగించేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పనస చెక్క నిలువునా చీలుతుంది.

ఇంకో చిత్రం. బిరడా 12 మి.మీ. లావుంటే 1 డిగ్రీ తిప్పినప్పుడు తీగ 0.1 మి.మీ. సాగుతుంది. మోగే భాగానికి కొసలు కూడా కలిపి మీటరు పొడవుండే తీగలో ఆ కాస్త సాగుడుకే శ్రుతి 1.7 శాతం పెరుగుతుంది. మూడున్నర డిగ్రీలు తిప్పితే ఒక స్వరస్థానమే దాటిపోతుంది! తీగ లావైనా సన్నమైనా ఈ లెక్క మారదు. అందుకే సన్నని సవరింపు బిరడాతో కాదు, గుర్రం (తీగలు ఆనే వంతెన) వెనక లంగరు (తీగ కొసను పట్టి ఉంచే కమ్మీ) మీద జరిగే చిన్న ఉంగరంతో చేస్తారు. బిరడా పట్టి పట్టి ఒక్కసారిగా గెంతుతుంటే సుద్ద, పొడి సబ్బు కలిపి రాయాలి. సుద్ద పట్టునిస్తుంది, సబ్బు గెంతును ఆపుతుంది. నూనె మాత్రం వద్దు, చెక్క పీల్చేసుకుంటుంది.

మా ఇంటి వీణకు ఒక మరమ్మతుదారు బెజ్జంలో కాగితం చుట్టి జిగురు పూశాడు. నెల తిరక్కుండానే ఊడింది. అసలు జబ్బు వేరే ఉంది. చెక్క ఆరితే పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందులోనూ చెట్టు వలయాల వెంబడి తగ్గేది, దుంగ నడిమి నుంచి బయటికి తగ్గేదానికి ఇంచుమించు రెట్టింపు. గుండ్రంగా చెక్కిన బిరడా కోలగా మారుతుంది, బెజ్జం ఇంకో దిక్కున కోలవుతుంది. ఒక కోణంలో బిగుసుకుంటుంది, పావు చుట్టు తిప్పితే వదులు. చలికాలం హీటర్లు వేసే అమెరికా ఇళ్లకు వెళ్లిన వీణల్లో ఇది మరీ తొందరగా బయటపడుతుంది.

ఇప్పుడు ఆవిడ ఫొటో. మంచి బిరడా మీద రాపిడి మెరుపు చుట్టూ ఒకే తీరుగా ఉంగరంలా ఉంటుంది. ఈ బిరడాకు ఎదురెదురు పక్కల రెండు మచ్చలే మెరుస్తున్నాయి, మధ్యలో చెక్క మట్టిరంగులో అలాగే ఉంది. దీనికి సుద్ద చాలదమ్మా. ఒకే దుంగలోంచి ఏకాండి వీణ చెక్కే బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పనివాళ్లకు చూపించండి. బెజ్జాన్ని మళ్లీ గుండ్రంగా తొలిచి, దానికి సరిపడేలా బిరడాను చెక్కమనండి. పట్టుకెళ్లే ముందు తీగలన్నీ వదులు చేయండి.