చెవిలో వినిపించే మాటలు: టెలిఫోన్ నుంచి తెర దాకా

పక్కన ఎవరూ లేకున్నా చెవిలో మాటలు వినిపించేవారు ఇంటర్నెట్‌లో కలుసుకొని, ఆ అనుభవాన్ని పంచుకొని ధైర్యం చెప్పుకొంటున్నారు. ఈ పద్ధతి మూలాలు 1987లో నెదర్లాండ్స్‌లో మోగిన టెలిఫోన్లలో ఉన్నాయి.

మాస్ట్రిక్ట్‌లో మారియస్ రోమ్ అనే మానసిక వైద్యుని వద్ద ప్యాట్సీ హాగె అనే మహిళ చికిత్స పొందుతుండేవారు. మందులు వాడినా ఆమెకు ఆ గొంతులు ఆగలేదు. కంటికి కనిపించని దేవుణ్ణి నమ్మేవారు, తనకు నిజంగానే వినిపిస్తున్న మాటలను ఎందుకు నమ్మరని ఆమె వైద్యుణ్ణి నిలదీశారు. జవాబు తన చదువులో దొరకని రోమ్, ఆమెతో కలిసి టెలివిజన్‌లో కనిపించి, ఇటువంటి అనుభవం ఉన్నవారు ఫోన్ చేయాలని కోరారు. సుమారు 700 మంది స్పందించారు. వారిలో గొంతులు వినిపించే 450 మందిలో 150 మంది వాటితో నెట్టుకురాగలుగుతున్నామని చెప్పారు. ఈ చరిత్రకు ఆయువుపట్టు ఆ 150 మందేనని నా అభిప్రాయం. ఎందుకంటే వైద్యులు అంతవరకు ఎక్కువగా చూసింది తట్టుకోలేక తమ వద్దకు వచ్చినవారినే.

అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో ఇలా గొంతులు వినిపించేవారి తొలి సదస్సు జరిగింది. రోమ్, పాత్రికేయురాలు సాండ్రా ఎషర్ వీరిని వివరంగా ప్రశ్నించగా, చాలామందిలో ఈ గొంతులు ఆప్తుల మరణం, హింస వంటి గాయాల తర్వాత మొదలైనట్లు తేలింది. 1988లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో సహాయ బృందం ఏర్పడింది. 1997లో ‘ఇంటర్‌వాయిస్’ అనే అంతర్జాతీయ వేదిక రూపుదిద్దుకుంది. ఈ బృందాల్లో ఎవరి వివరణనూ, అది దైవమైనా, జబ్బైనా, పాత గాయమైనా, తోసిపుచ్చరు. గొంతులకు రోజులో కొంత సమయం కేటాయించడం, వీధిలో వాటికి బదులివ్వవలసి వస్తే ఫోన్ చెవికి ఆనించుకొని మాట్లాడడం వంటి ఉపాయాలు అనుభవజ్ఞుల నుంచి కొత్తవారికి అందుతాయి.

2020లో కోవిడ్ వల్ల సమావేశ గదులు మూతపడడంతో అనేక బృందాలు వీడియో సమావేశాలకు మారాయి. ఇంట్లోవారికి కూడా చెప్పుకోలేనివారు కెమెరా ఆపేసి, పేరు మార్చుకొని వినగలిగారు. గొంతుల హోరులో నోట మాట రానివారు టైపు చేయగలిగారు. అయితే ప్రాణం తీసుకోమని ఆ గొంతులు ఆదేశిస్తున్న వేళ ఒక సభ్యుడు హఠాత్తుగా తెర మీద నుంచి మాయమైతే, అతని ఊరూ పేరూ తెలియని మిగతావారు ఎవరికి కబురు పంపాలో తెలియక నిస్సహాయులవుతారు. ఇటువంటి సమయంలో దగ్గరలోని వైద్యం, ఇంటి మనిషి తోడు తప్పనిసరి.