గేజ్ ముల్లు 5 దగ్గరే ఆగితే తప్పు పంపుదేనా?

ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో పండే అరబికా కాఫీ గింజలతో ఇంట్లో ఎస్ప్రెసో (పొడిలోంచి వేడినీళ్లను ఒత్తిడితో తోసి తీసే చిక్కటి కాఫీ) తీసేవాళ్లు యంత్రం విషయంలో ముందుగా అనుమానించేది పంపునే. 9 బార్ల ఒత్తిడి (బార్ అంటే ఒత్తిడికి కొలమానం) చూపించాల్సిన గేజ్ ముల్లు 5 దగ్గర ఆగింది, కాఫీ పలచగా, పుల్లగా దిగింది అంటే పంపు పోయిందని తీర్మానించేస్తారు. చాలాసార్లు లోపం పొడిలో ఉంటుంది.

పంపు నీటిని తోస్తుంది. బాస్కెట్‌లో, అంటే పొడి నింపే చిల్లుల గిన్నెలో, అదిమిన పొడి బిళ్ల ఆ నీటికి ఎంత అడ్డుపడితే ముల్లు అంత పైకి లేస్తుంది. అట్టపెట్టె మీద రాసే 15 బార్లు, నీళ్లు ఏమాత్రం కదలనప్పుడు పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడి. కాఫీ దిగేటప్పుడు 9 చాలు.

అందుకే ముందు పొడిని సరిచేయాలి. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25–30 సెకన్లలో దిగాలి. 15 సెకన్లకే దిగిపోతే, పొడి బరువు మార్చకుండా గ్రైండర్‌ను ఒక్క గీత మెత్తదనం వైపు తిప్పి మళ్లీ చూడండి. ఫిల్టర్ డికాక్షన్ కోసం ఆడించిన పొడి దీనికి మరీ బరక. వేయించి నెలలు దాటిన గింజల్లో వాయువు పోయి నీటికి అడ్డు తగ్గుతుంది, నురగ కూడా రాదు. ముల్లు ఉన్నట్టుండి పడిపోయి, కాఫీ ఒక పక్కనుంచే చిమ్మితే బిళ్లలో నీటికి దారి పడిందన్నమాట. పొడిని సన్నటి సూదితో కలిపి, ఉండలు విడగొట్టి, నిటారుగా అదమాలి.

అప్పటికీ ముల్లు లేవకపోతే పంపు వైపు చూడాలి. త్రీవే వాల్వ్ (పంపు ఆపగానే లోపలి ఒత్తిడిని బయటికి వదిలేది) ఉన్న యంత్రమైతే బాస్కెట్‌లో రంధ్రాల్లేని రబ్బరు బిళ్ల పెట్టి 10 సెకన్లు నడపండి. ముల్లు 9కి చేరినా, దాటినా పంపు బాగున్నట్టే. ఆ వాల్వ్ లేని యంత్రానికి ఈ పరీక్ష పెట్టొద్దు. లోపల ఒత్తిడి నిలిచిపోయి, బాస్కెట్ ఉండే పిడి విప్పగానే వేడినీళ్లు చేతి మీద చిమ్ముతాయి. ముల్లు 9కి చేరకపోతే ట్యాంకు జాలీ, మడతపడ్డ గొట్టం, బోరు నీళ్ల వల్ల పేరుకున్న సున్నం చూడండి. ట్యాంకు ఖాళీ అయ్యాక పంపు మోత పెరిగి నీళ్లు రాకపోతే లోపల గాలి పట్టింది. ట్యాంకు నింపి, వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచి కాసేపు నడిపితే పోతుంది.

కోరాపుట్ వైపు జయపురంలోనో రాయగడలోనో సాయంత్రం వేళ మాత్రమే ఒత్తిడి తగ్గుతుంటే మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి. ఇళ్ల యంత్రాల్లో ఎక్కువగా ఉండేది కంపించే పంపు. కాయిల్ సెకనుకు 50 సార్లు పిస్టన్‌ను లాగి స్ప్రింగును నొక్కుతుంది, ఆ స్ప్రింగు తిరిగి విచ్చుకుంటూ నీటిని తోస్తుంది. వోల్టేజీ తగ్గితే లాగుడు తగ్గుతుంది, తోపూ తగ్గుతుంది. హీటరుకు దెబ్బ ఇంకా ఎక్కువ: 230 బదులు 190 వోల్టులే వస్తే దాని శక్తిలో దాదాపు మూడోవంతు పోతుంది. స్టెబిలైజర్ కొనేటప్పుడు హీటరు వాట్లను లెక్కలోకి తీసుకోండి. 1,400 వాట్ల యంత్రానికి 2 కేవీఏ తీసుకోవడం మేలు.

ఇవన్నీ చూశాక కూడా పంపు మార్చక తప్పకపోతే, ముందు ప్లగ్ తీసేయండి. పాత పంపు చీటీ మీది వాట్లు, వోల్టులు, హెర్ట్జులు కొత్తదానితో సరిపోవాలి. ఆన్‌లైన్‌లో దొరికే 120 వోల్టుల, 60 హెర్ట్జుల పంపు మన కరెంటుకు కాలిపోతుంది.